కత్తి దించి గట్టు కట్టిన మంత్రి

జపాన్ దొరల కథ మనకెందుకని దాటెయ్యకండి అన్నలారా. ఇందులో ఏరుంది, కాలువుంది, ఆఖరికి కంచె కూడా ఉంది.

ఈయన పేరు నావోయె కనెత్సుగు. 1560లో పుట్టాడు. ఉయెసుగి కగెకత్సు అనే పెద్ద దొరకి ప్రధానమంత్రి లాంటివాడు. 1598లో ఆ దొరకి 12 లక్షల కొకుల రాజ్యం దక్కింది. అప్పట్లో అక్కడ భూమిని ఎకరాల్లో కాదు, పండే బియ్యంలో లెక్కేసేవాళ్లు. ఒక కొకు అంటే సుమారు 150 కిలోలు, మన లెక్కలో రెండు బస్తాలు, ఒక మనిషికి ఏడాది తిండి. అందులో యోనెజావా కోటా, 60 వేల కొకుల భూమీ కనెత్సుగువే. అంటే మంత్రీ ఆయనే, దొరా ఆయనే.

1600లో వీళ్లు తోకుగావా ఇయెయాసుకి ఎదురు తిరిగారు. ఆ పంతంలో కనెత్సుగుదీ పెద్ద చెయ్యే. సెకిగహారాలో ఇయెయాసు గెలిచాడు. మరుసటి ఏడాది రాజ్యం 12 లక్షల నుంచి 3 లక్షలకి పడిపోయింది. మంత్రి ఉన్న యోనెజావాకే దొర కూడా వచ్చి సర్దుకోవాల్సి వచ్చింది.

నాలుగెకరాల ఆసామికి ఎకరం మిగిలితే పాలేర్లని ఉంచుకుంటాడా? వీళ్లు ఉంచుకున్నారు. వేల కుటుంబాలు వెంట వచ్చాయి. జీతాలు బాగా కోశారు, కనెత్సుగు తనదీ తగ్గించుకున్నాడు. చిన్న సిపాయిలకి ఊరి బయట బంజర్లు చూపించి, కొట్టుకుని సాగు చేసుకోమన్నాడు. కత్తి పట్టిన చేతులకి పార వచ్చింది.

అసలు పని ఏటి దగ్గర. యోనెజావాలో మంచు మీటర్ల ఎత్తు పడుతుంది. అది కరిగితే మత్సుకావా ఏరు ఊరి మీదకి వచ్చేది. కనెత్సుగు ఒడ్డున రాతి గట్టు కట్టించాడు, పొలాలకి కాలువలు తవ్వించాడు. ఆ గట్టు కొంత ఇప్పటికీ ఉంది, ఆయన పేరుతోనే పిలుస్తారు.

నాకొకటి మాత్రం మింగుడు పడదు. సిపాయిలని వదల్లేదని అందరూ పొగుడుతారు. ఆ నోళ్లన్నిటికీ బియ్యం పోసింది ఎవరు? అక్కడి రైతే కదా! ఆ భారం తర్వాత తరాల దాకా ఆ సంస్థానాన్ని అప్పుల్లోనే ఉంచింది.

కనెత్సుగు కొడుకు 1615లో పోయాడు. ఆయన వాళ్ల పంచాంగం ప్రకారం 1619 చివర్లో పోయాడు. వంశం ఆగిపోయింది. యోనెజావాలో ఆయనకీ, భార్య ఓసెన్‌కీ ఒకే సైజు సమాధులు పక్కపక్కనే ఉన్నాయి.

కంచె సంగతి చెప్పలేదు కదూ. ఉకోగి అని ముళ్ల మొక్క. ఇళ్ల చుట్టూ దాన్ని వెయ్యమన్నది ఈయనే అంటారు. ముళ్లు దొంగకి, లేత ఆకు కూరకి. ఇప్పటికీ అక్కడివాళ్లు వసంతంలో ఆ చిగుళ్లు కోసి అన్నంలో కలుపుకుంటారు.