వెల్ల వెనక గోడ

ఇల్లు ఖాళీ అయిందంటే మనకు ముందు గుర్తొచ్చేది గోడలే. ఇప్పుడు పుట్టీలు, ఎమల్షన్లు వచ్చాయి గానీ, మా అమ్మ మాత్రం ఇప్పటికీ "వెల్ల వేయించారా?" అనే అడుగుతుంది. ఆ వెల్లకు చాలా కథ ఉందండీ.

సున్నం అనే మాట సంస్కృతంలోని చూర్ణానికి తద్భవం. సున్నపురాయినో, గుల్లలనో బట్టీలో కాల్చేవారు. నీళ్లు పోస్తే అది కుతకుతా ఉడికి విచ్చుకునేది. దాన్ని నానబెట్టి, వడకట్టి, గోడకు పట్టడానికి తుమ్మ జిగురు, తెలుపు మెరవడానికి కాస్త నీలిమందు కలిపేవారు. తడి సున్నంలోని ఘాటు బూజునీ, క్రిముల్నీ చంపుతుంది. 1896లో బొంబాయిలో ప్లేగు వచ్చినప్పుడు ఇళ్లకు సున్నం కొట్టించింది అందుకే. అంటే వెల్ల ఒక్క అందం కోసం కాదు. ముందున్నవాళ్ల జబ్బు తర్వాత వచ్చేవాళ్లకు అంటకూడదని.

చట్టాలు కూడా ఈ ఖాళీ ఇంటిని పట్టించుకున్నాయి. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టం ప్రకారం, ఇల్లు ఖాళీ అయిన 10 రోజుల్లో యజమాని అధికారికి రాసి తెలియజేయాల్సి ఉండేది. కావాలంటే ప్రభుత్వం ఆ ఇంటిని తన ఉద్యోగులకు ఇప్పించుకోగలిగేది. ఇళ్లకు అంత కరువు మరి! 2021లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టంలో పనుల పంపకం కూడా ఉంది. వేరే ఒప్పందం లేకపోతే గోడలకు వెల్ల, తలుపులకు రంగు యజమాని వంతు. కుళాయి వాషర్లు, కాలువ శుభ్రం అద్దెకున్నవాళ్ల వంతు.

వీటన్నిటికంటే పాతది నాకు బాగా నచ్చింది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్. అద్దెకు వచ్చేవాళ్లు మామూలుగా చూస్తే కనిపెట్టలేని పెద్ద లోపం ఇంట్లో ఉండి, అది యజమానికి తెలిస్తే, చెప్పి తీరాలంటుంది.

మొన్న మా కింది వాటా ఖాళీ అయినప్పుడు ఇదే ముందుకొచ్చింది. వెనక గది గోడకు అవతల బాత్రూమ్. అడుగున చెమ్మ ఎక్కి ఉప్పు పొంగింది. "రెండు కోట్లు కొడితే వానాకాలం దాకా కనపడదమ్మా" అన్నాడు పెయింటర్. రాబోయే కుటుంబంలో ఆయాసం ఉన్న పెద్దావిడ ఉన్నారు. మా అబ్బాయి హాస్టల్ ఫీజు కట్టేది ఆ అద్దెతోనే. నెల ఆగితే మాకూ ఇబ్బందే. అయినా మావారూ నేనూ కూర్చుని లెక్క చూసుకుని, బాత్రూమ్ పైపు జాయింటు విప్పించి బాగుచేయించాం. గోడ గీకించి మూడు వారాలు ఆరనిచ్చాం. ఆ తర్వాతే రంగు.

అద్దెకు వచ్చే అమ్మాయికి ఆ గోడ చూపించి జరిగింది చెప్పాను. "చెప్పడం మంచిదైంది ఆంటీ. మా అత్తయ్య మంచం ముందుగదిలో వేస్తాం, ఒక వానాకాలం చూద్దాం" అంది. అద్దె గురించి బేరమాడుతుందేమో అనుకున్నాను, ఆడలేదు.

మీరూ రంగు డబ్బా తెరిచే ముందు ఖాళీ గదిలో ఒకసారి గోడల అడుగున చెయ్యి పెట్టి చూడండి. కుళాయిలన్నీ తిప్పండి. సింకు కింద వంగి చూడండి. బాగుచేయించగలిగింది చేయించండి. చేయించలేనిది ఉంటే, వాళ్లు పాలు పొంగించకముందే చెప్పేయండి.