ద్రోణుడు నిజం చేసిన జోస్యాలు

'తలరాత తప్పదు' అనే మాట మన వాడల్లో ముసలివాళ్ళ నోట ఇప్పటికీ వినబడుతుంది. ఆ రాత రాసిన చెయ్యి ఎవరిదని మాత్రం మనల్ని అడగనివ్వలేదు. ఆ చెయ్యి బయటపడే చోటు ఒకటుంది. అది మహాభారతం ఆదిపర్వంలో ద్రోణుడి కథ. 11వ శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడి కొలువులో నన్నయ దాన్ని తెలుగు చేశాడు. మనకు దాన్ని గురుభక్తి పాఠంగానే చెప్తూ వచ్చారు. ఒకసారి జోస్యాల కథగా చదివి చూద్దాం.

లోకంలో నీకు సాటి విలుకాడు ఉండడని ద్రోణుడు అర్జునుడికి మాటిచ్చాడు. ఇది మొదటి జోస్యం. తర్వాత నిషాదరాజు హిరణ్యధన్వుడి కొడుకు ఏకలవ్యుడు విద్య కోసం వస్తే, నిషాదుడని తిప్పి పంపాడు. అతను మట్టిబొమ్మ పెట్టుకుని తనంతట తానే నేర్చుకుని అర్జునుణ్ణి మించాడు. జోస్యం అబద్ధమైంది గదా! గురువు ఏం చేశాడు? మాట వెనక్కి తీసుకోలేదు, బొటనవేలు తీసుకున్నాడు. ఆ పైన ఏకలవ్యుడి బాణం వేగం తగ్గిందని కథే చెప్తుంది. అట్లా జోస్యాన్ని కత్తితో నిజం చేశారు.

రెండో జోస్యం సంగతి వేరు. ద్రోణుడి వల్ల అవమానపడిన ద్రుపదుడు యజ్ఞం చేయిస్తే ధృష్టద్యుమ్నుడు పుట్టాడు. ద్రోణుణ్ణి చంపడానికే ఇతను పుట్టాడని ఆకాశవాణి పలికింది. అది తెలిసి కూడా ద్రోణుడు అతన్ని ఇంటికి తెచ్చుకుని అస్త్రవిద్య నేర్పాడు. ఎందుకట? విధి తప్పదని, తన కీర్తి నిలవాలని. ఆ శిష్యుడే కురుక్షేత్రంలో ద్రోణుడి తల నరికాడు.

చంపుతాడని తెలిసిన రాజకుమారుడికి విద్య దొరికింది. ఏ కీడూ తలపెట్టని నిషాదుడికి దొరకలేదు. విధికి ఎక్కడ తలవంచాలో, ఎక్కడ దాన్ని సరిదిద్దాలో వర్ణం చూసి తేల్చారన్నమాట.

నిషాదులకు అనాదిగా అర్హత లేదనే వాదన కూడా నిలవదు. నిషాద స్థపతి రౌద్రయాగం చెయ్యొచ్చని, ఆ స్థపతి నిషాదుడేనని జైమిని మీమాంసా సూత్రాలు ఒప్పుకున్నాయి. మనుస్మృతి మాత్రం వాళ్ళకు చేపలు చంపడమే వృత్తిగా రాసిపెట్టింది. అంటే రాత ఒక్కటి కాదు, రాసేవాళ్ళను బట్టి మారింది.

1948లో అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ ఇలాంటి వాటికి 'తనను తాను నిజం చేసుకునే జోస్యం' అని పేరు పెట్టాడు. నల్లవాళ్ళు సమ్మెలు చెడగొడతారని తెల్ల కార్మికుల సంఘాలు వాళ్ళను చేర్చుకోలేదు. సంఘంలో చోటు లేక, పని దొరక్క, వాళ్ళు సమ్మెకాలంలో దొరికిన పనికి పోయారు. 'మేం ముందే చెప్పలేదా' అన్నారు తెల్లవాళ్ళు.

మన బడుల్లో జరిగేదీ ఇదే. 'వీళ్ళకు చదువు అబ్బదు' అని వెనక బెంచీలో కూర్చోబెట్టి, పట్టించుకోకుండా వదిలేసి, తప్పాక 'ప్రతిభ లేదు' అంటారు. వేలు తీసుకుని, విల్లు పట్టడం రాదని వెక్కిరించడమే ఇది.

1927 డిసెంబర్ 25న మహద్‌లో అంబేద్కర్ నాయకత్వంలో మనుస్మృతిని తగలబెట్టారు. చేత్తో రాసిన రాతను చేత్తోనే కాల్చొచ్చని ఆ రోజు రుజువైంది. ఇక ఏకలవ్యుడి గురుభక్తి పాఠం చెప్పే పంతుళ్ళను మన పిల్లలు అడగాల్సింది ఒక్కటే: మరి ధృష్టద్యుమ్నుడికి ఎందుకు నేర్పాడు సార్?