అరకు వెళ్ళేముందు

కొత్త ప్రదేశానికి వెళ్ళేముందు దాని చరిత్ర నాలుగు పేజీలైనా చదువుకోవడం నాకు అలవాటు. పరాయి దేశానికి ప్రయాణమైతే అక్కడి భాషలేవి, చట్టాలేవి అని అందరమూ ఆరా తీస్తాం. విశాఖ తీరానికి వంద పైచిలుకు కిలోమీటర్ల దూరంలోని అరకుకు మాత్రం కెమెరా, స్వెట్టరు ఉంటే చాలనుకుంటాం. నిజానికి అదీ తీరాన్ని ఆనుకుని ఉన్న ఒక చిన్న దేశమే.

ఇది అలంకారానికి అంటున్న మాట కాదు. 1830ల తొలినాళ్ళలో పర్లాకిమిడి, విశాఖ ప్రాంతాల జమీందారీలలో అలజడులు రేగినప్పుడు కుంఫిణీ ప్రభుత్వం జార్జి రస్సెల్‌ను పంపింది. ఆయన సిఫారసుల ఫలితంగా 1839లో 24వ చట్టం వచ్చింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండప్రాంతాలను అది సాధారణ న్యాయస్థానాల పరిధి నుండి తొలగించి, కలెక్టరును గవర్నరు ఏజెంటుగా నియమించింది. మనం నేటికీ వాడుతున్న 'ఏజెన్సీ' అన్న మాట ఆ ఏజెంటు చలవే.

పాలన వేరైనంత మాత్రాన కొండవారికి రక్షణ కలగలేదు. 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడుకు సంకెళ్ళు పడ్డాయి. రోడ్ల పనికి వెట్టి తప్పలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషనుపై జరిగిన దాడికి నేపథ్యం ఇదే. అల్లూరి సీతారామరాజు పేరు మనకు కంఠస్థం. ఆయన వెంట నడిచిన గాం గంటందొర, మల్లుదొరల పేర్లు ఎందరికి గుర్తున్నాయి?

అసలు తగవు భూమిది. గిరిజనుల భూమి ఇతరుల చేతుల్లోకి పోకుండా 1917లోనే ఒక చట్టం చేశారు. 1959 నాటి నిబంధనను 1970లో మరింత బిగించారు. 'వన్ ఆఫ్ సెవెంటీ' అని వ్యవహరించేది దీనినే. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుండి వచ్చినదేనని చట్టం ముందుగా భావిస్తుంది. కాదని నిరూపించుకోవలసిన భారం అతడిదే. బొర్రా గుహలు చూసి పరవశించేవారు ఇంకొకటి తెలుసుకోవాలి. ఆ బొర్రా పంచాయతీలో గనుల లీజులపై 'సమత' సంస్థ పోరాడింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకివ్వరాదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. గుహల దాకా మనల్ని తీసుకువెళ్ళే రైలుమార్గం కూడా మన విహారం కోసం వేసినది కాదు. బైలడిల్లా ఇనుపఖనిజాన్ని జపానుకు ఎగుమతి చేసేందుకు 1960లలో నిర్మించినది.

ఇక భాషలు. అక్కడ వినిపించేది తెలుగొక్కటే కాదు. ఆదివాసీ ఒడియా, కువి, గదబ, కొండదొరల భాష కూడా ఉన్నాయి. పొరుగువారిని ఎలా తెలుసుకోవాలో మనకు నేర్పినవాడు గిడుగు రామమూర్తి పంతులు. పర్లాకిమిడిలో ఉంటూ, ఒక సవరను ఇంటికి పిలిపించుకుని ఆ భాష నేర్చుకున్నాడు. 1931లో దాని వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించాడు. వ్యావహారిక తెలుగు కోసం వాదించిన మనిషికి కొండభాష చులకనగా కనిపించలేదు.

ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. ఇంత చదివాక లోయ అందం తరగదు. కాకపోతే మనం దిగే విడిది ఎవరి భూమిలో ఉందన్న ప్రశ్న మనతోపాటే కొండెక్కుతుంది. వెళ్ళే మిత్రులు ఆ ప్రశ్నను అక్కడ ఎవరినైనా అడగండి.