రంగము దారిలో లెక్కకు రానివారు

గంజాము, విశాఖపట్టణ, గోదావరి మండలముల తీరగ్రామములలో నొకప్పుడు ‘రంగము పోయినాడు’ అను మాట తఱచుగా వినబడుచుండెడిది. రంగమనగా అప్పటి బర్మా రాజధానియైన రంగూను. పంట చెడినను, అప్పు మీఱినను, ఓడ యెక్కుటయే పేదవానికి మిగిలిన యుపాయము. 1931 జనాభా లెక్కనాటికి బర్మాలో పదిలక్షలకు పైగా భారతీయులుండిరి. వారిలో లక్షన్నరకు మించి తెలుగువారు. రంగూను జనములో సగమునకు మించి మన దేశీయులే. రేవులో బస్తాలు మోసినవారును, రిక్షాలు లాగినవారును, బియ్యపు మరలలో పనిచేసినవారును, వీధులు శుభ్రపఱచినవారును పెక్కురు మనవారు. కోరంగి రేవు పేరును బట్టి వారి నచ్చట కోరంగీలని పిలిచెడివారు.

వారి బ్రతుకు మేస్త్రీ చేతిలో నుండెను. ఓడకూలికి ముందుగా అప్పిచ్చి తీసికొనిపోయినవాడు మేస్త్రీ. కూలిలోనుండి ఆ యప్పును కోసికొనువాడును అతడే. ఆ నగరము వారి కష్టముచే నడచుచుండెను గాని వారిది కాలేదు. 1930 మే నెలలో తెలుగు కూలీలు కూలి పెంపునకై సమ్మె చేయగా, యజమానులు బర్మీయులను పనిలో పెట్టుకొనిరి. సమ్మె తీరగానే వారిని తొలగించిరి. దానిపై చెలరేగిన అల్లరిలో నూరుమందికి పైగా మరణించిరి. వారిలో మిక్కిలిమంది భారతీయులు. ఇద్దఱు పేదలను పోటీకి నిలిపి లాభము గడించినవారికి మాత్రము గాయమైనను కాలేదు.

1941 డిసెంబరు 23వ తేదీన జపాను విమానములు రంగూనుపై బాంబులు కురిపించెను. పండుగనాడు, 25వ తేదీన, మరల వచ్చెను. వేయిమందికి పైగా చనిపోయిరి. కూలిజనము మూటలు నెత్తిన బెట్టుకొని ప్రోము బాట పట్టెను. అప్పుడు అధికారులకు తెలిసినది, ఈ జనము లేనిదే రేవు నడవదనియు, వీధులలో చెత్త తీయువాడుండడనియు. కావున అనేకులకు నచ్చచెప్పి వెనుకకు మరలించిరి. పనికి వారు కావలసియుండిరి. కాని వారిని కాపాడు నేర్పాటు సిద్ధముగా లేదు. 1942 మార్చిలో రంగూను శత్రువుల వశమైనది.

ఓడలలో చోటు కొద్ది. చేత పైకము లేనివానికి అది యందలేదు. మిగిలినది కాలినడక. కొందఱు ప్రోము నుండి అరకాను కొండలు దాటి టాంగుపు తీరమునకు పోయిరి. కొందఱు చింద్విన్ నది వెంట తము మీదుగా మణిపురమునకు నడచిరి. కడపటివారు ఉత్తరమున హుకాంగ్ లోయ బురదలో, మే, జూను మాసముల వానలలో చిక్కుకొనిరి. కలరా, మలేరియా, విరేచనములు, ఆకలి వారిని వెంటాడెను. దారిలో నీరు లేక కొందఱును, నీరు త్రాగి కొందఱును పోయిరి.

ఆపదలో నైనను మనుష్యభేదము మాయలేదు. తెల్లవారికొక దారి, నల్లవారికొక దారి యని గాంధీజీ ఆనాడే హరిజన పత్రికలో ఖండించిరి. అస్సాములోని తేయాకు తోటల సంఘము శిబిరములు పెట్టి వేలమందిని బ్రతికించినది. ఆ మేలు మరువరాదు. అయినను, సర్కారు ముందుగా తలపెట్టవలసిన పని కొంతమంది దయపై నాధారపడుట ప్రజలకు రక్షణ యనిపించుకొనదు.

నాలుగైదు లక్షలమంది నేలదారిన తరలిరని చరిత్రకారు లందురు. మరణించినవారు పదివేలని కొందఱు, ఏబదివేలని కొందఱు, అంతకు మించియని మఱికొందఱు. ఈ యంతరమును గమనింపుడు. ఓడ యెక్కించునప్పుడు టిక్కెట్టు లెక్క యుండెను. మేస్త్రీ పుస్తకములో అప్పు లెక్క యుండెను. ఎగుమతియైన బియ్యపు బస్తాల లెక్క యుండెను. మనుష్యుడు దారిలో కూలినప్పుడు మాత్రము వ్రాయువాడు లేకపోయెను.

బ్రతికి వచ్చినవానికి పోయినదేమని అడిగిన, చూపుట కేమున్నది? గుడిసె తనది కాదు; రిక్షా అద్దెది; కూలికి పత్రము లేదు. మేడ పోయినవాడు దస్తావేజు చూపగలడు. చేతిపని పోయినవాడు చేతులే చూపవలెను. నష్టపరిహార మను మాట యెల్లప్పుడును కాగితము గలవాని వైపే చూచును. అతడు చేరిన తీరమైనను నిర్భయముగా లేదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు పడెను.

యుద్ధానంతరము కొందఱు మరల పోయిరి. 1962లో సైనికప్రభుత్వ మేర్పడి, 1964లో వర్తకమును జాతీయము చేయగా, లక్షలమంది భారతీయులు రెండవమారు వెడలవలసివచ్చెను. విశాఖపట్టణమున కంచరపాలెము చెంతనున్న బర్మా క్యాంపు ఆనాటివారి నివాసస్థానమే. పేరు మిగిలినది, దాని కథ తెలిసినవారు తఱిగిపోవుచున్నారు.

చదువరులారా, యుద్ధమున గెలిచిన సేనాపతుల పేర్లు మన పిల్లలు పాఠముగా చదువుదురు. మన యూరినుండి రంగము పోయి తిరిగి రానివాని పేరు వారికి తెలియదు. తాతముత్తాతలలో నట్టివాడున్న యింట, ఆ యింటి పెద్దమ్మ నడిగి అతని పేరు, ఊరు, చేసిన పని ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. సర్కారు వ్రాయని లెక్కను ఇంటివారైనను వ్రాయవచ్చును. లెక్కలో లేనివానికి సాయమును లేదని ఆ దారి మనకు నేర్పినది. నేడు యుద్ధము తఱిమిన జనము ఏ దేశమున మన కంటబడినను, మొదట వారి పేరడుగుట మన విధి.