సమోవా ఆడవాళ్ల కమిటీలు: ఒక చిన్న ద్వీప దేశంలో నూరేళ్ల చరిత్ర

పసిఫిక్ మహాసముద్రంలో, న్యూజీలాండ్‌కు ఉత్తరాన చాలా దూరంలో, సమోవా అనే చిన్న దేశం ఉంది. ఉపోలు, సవాయి అని రెండు పెద్ద దీవులు, వాటి పక్కన కొన్ని చిన్న దీవులు. దేశం మొత్తం జనాభా సుమారు 2 లక్షలు. మన దగ్గర మూడు నాలుగు మండలాలు కలిపితే అంతమంది ఉంటారు. అంత దూరపు దేశం సంగతి మన సమాఖ్య నివేదికలో ఎందుకని అడగవచ్చు. అక్కడ ఊరూరా ఆడవాళ్లు కమిటీలు పెట్టుకుని దాదాపు నూరేళ్లయింది. మన సంఘాల వయసు ముప్పై ఏళ్లు, మహా అయితే నలభై. మనకంటే చాలా ముందు నడిచినవాళ్లు ఎక్కడ గెలిచారో, ఎక్కడ ఆగిపోయారో తెలుసుకోవడం మనకు అవసరం.

ఆ కమిటీల పుట్టుక వెనక ఒక పెద్ద చావు ఉంది. 1918 నవంబరు 7న న్యూజీలాండ్‌లోని ఆక్లండ్ నుంచి తలూనే అనే ఓడ సమోవా రాజధాని అపియాకు వచ్చింది. ఓడలో ఇన్‌ఫ్లుయెంజా జ్వరంతో ఉన్నవాళ్లు ఉన్నారు. అప్పుడు దేశం న్యూజీలాండ్ సైన్యం పాలనలో ఉంది. అధికారులు ఓడను ఆపలేదు, దిగినవాళ్లను వేరుగా ఉంచలేదు. కొద్ది వారాల్లోనే సుమారు 8,500 మంది చనిపోయారు. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు. పక్కనే అమెరికా పాలనలో ఉన్న తూర్పు సమోవాలో గవర్నరు ఓడలను కట్టడి చేశాడు, అక్కడ ఆ జ్వరంతో ఒక్కరూ పోలేదు. ఒకే జాతి, ఒకే భాష, మధ్యలో కాస్త సముద్రం. తేడా అంతా పాలించేవాళ్ల నిర్ణయంలోనే. 84 ఏళ్ల తర్వాత, 2002లో, న్యూజీలాండ్ ప్రధాని హెలెన్ క్లార్క్ సమోవాకు వెళ్లి తమ పాలనలో జరిగిన తప్పులకు క్షమాపణ చెప్పారు. ఈ చావుల మాట కూడా అందులో ఉంది.

ఆ దెబ్బ తర్వాత 1920లలో ఆరోగ్య శాఖ ఊళ్ల మీద దృష్టి పెట్టింది. డాక్టర్లు కొద్దిమంది, నర్సులు కొద్దిమంది, ఊళ్లేమో సముద్రం ఒడ్డున వరసగా చాలా ఉన్నాయి. అందుకని ఊరికో ఆడవాళ్ల కమిటీ పెట్టించారు. సమోవా భాషలో కూడా దాన్ని ‘కోమిటి’ అనే అంటారు. పసిపిల్లల బరువు చూడటం, నీటి గుంటల్నీ మరుగుదొడ్లనీ శుభ్రంగా ఉంచడం, నర్సు వచ్చే రోజుకు తల్లులందర్నీ పిలిపించడం వాళ్ల పని. ఇళ్ల తనిఖీ మాత్రం చూడదగ్గ తంతు. ప్రతి ఇంటివాళ్లూ తమ చాపలు, దోమతెరలు, దుప్పట్లు, కప్పులు, పళ్లేలు బయటపెట్టి చూపించాలి. కమిటీ వాళ్లు ఇల్లిల్లూ తిరిగి చూస్తారు. ఉండాల్సినవి లేకపోతే జరిమానా. చాలా ఊళ్లలో ఆడవాళ్లే చందాలు వేసుకుని కమిటీ ఇల్లు కట్టుకున్నారు. మన గ్రామ సంఘాలు సొంత భవనం కోసం ఎన్నేళ్లు తిరుగుతాయో మనకు తెలుసు కాబట్టి, ఆ పని ఎంత పెద్దదో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక్కడ సమోవా ఊరి కట్టుబాటు కొంచెం తెలియాలి. ప్రతి కుటుంబానికీ ‘మతాయి’ అనే పెద్ద ఉంటాడు. అది కుటుంబం కూర్చుని ఇచ్చే బిరుదు. భూమి మీద, కుటుంబం మీద మాట చెల్లేది ఆయనదే. ఊళ్లోని మతాయిలందరూ కూర్చునే సభను ‘ఫోనో’ అంటారు, ఊరి తీర్మానాలన్నీ అక్కడే. ఆడవాళ్లలోనేమో రెండు వర్గాలు. ఆ ఊళ్లో పుట్టిన ఆడపడుచులు ఒకటి, ఆ ఊరికి వచ్చిన కోడళ్లు ఒకటి. ఆడపడుచుకు గొప్ప మర్యాద. అన్నదమ్ములు ఆమె మాట జవదాటకూడదని పాత నియమం. అదే మనిషి పెళ్లై భర్త ఊరికి వెళ్తే, అక్కడ కోడలు. వండి పెట్టాలి, అత్తింటివారి పనుల్లో వెనక నిలబడాలి. ఆమెకొచ్చే గౌరవం భర్త హోదాను బట్టే. ఈ సంగతి చదివితే మనలో ఎవరికీ కొత్తగా ఉండదు. పుట్టింట్లో లక్ష్మి, అత్తింట్లో పనిమనిషి అనే మాట మనమూ అనుకున్నదే కదా.

కోమిటిలో ఈ రెండు వర్గాలూ కలిసి కూర్చున్నాయి. కోడలు కూడా ఊరి పనిలో మాట చెప్పే చోటు దొరికింది. నా లెక్కలో ఆ కమిటీలు చేసిన అన్ని మంచి పనుల్లో ఇదే పెద్దది. అయితే హోదాల్ని అవి చెరిపేయలేదు. అధ్యక్షురాలు చాలాచోట్ల పెద్ద మతాయి భార్యో, పాస్టరు భార్యో అయ్యేది. ఇంకో సంగతీ చెప్పాలి. ప్రభుత్వానికి ఈ ఏర్పాటు చాలా చవకగా వచ్చింది. జీతం లేకుండా వందల మంది ఆడవాళ్లు ఆరోగ్య శాఖ పని చేసిపెట్టారు. ఊరి తీర్మానాలు చేసే ఫోనోలో మాత్రం వాళ్లకు చోటు లేదు.

ఆడవాళ్లకు సభ నడిపే శక్తి లేదని ఎవరైనా అనుకుని ఉంటే, 1930లో ఆ భ్రమ పోయి ఉండాలి. న్యూజీలాండ్ పాలన వద్దంటూ 1920ల చివర్లో ‘మావు’ అనే ఉద్యమం లేచింది. 1929 డిసెంబరు 28న అపియా వీధిలో ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఉద్యమ నాయకుడు తుపువా తమసేసే, ఆయనతో పాటు మరికొందరు చనిపోయారు. మగవాళ్లు అరెస్టులకు దొరకకుండా అడవుల్లోకి వెళ్లిపోయారు. అప్పుడు ఆడవాళ్లే ఉద్యమాన్ని చేతిలోకి తీసుకున్నారు. తమసేసే భార్య ఆలా, రోజబెల్ నెల్సన్, మరికొందరు కలిసి మహిళా మావు నడిపారు. సభలు పెట్టారు, ఊరేగింపులు తీశారు. 1962 జనవరి 1న సమోవాకు స్వాతంత్ర్యం వచ్చింది. పసిఫిక్ దీవుల్లో స్వాతంత్ర్యం తెచ్చుకున్న మొదటి దేశం అదే.

మరి ఆ స్వతంత్ర దేశంలో ఓటు ఎవరికి ఇచ్చారు? దాదాపుగా మతాయిలకు మాత్రమే. మతాయిలలో దాదాపు అందరూ మగవాళ్లే. 1990లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగి, కొద్ది తేడాతో గెలిచాక గానీ 21 ఏళ్లు నిండిన అందరికీ ఓటు రాలేదు. పోటీ చేయాలంటే మాత్రం ఇప్పటికీ మతాయి బిరుదు ఉండాల్సిందే.

ఈలోగా ఆసుపత్రులు పెరిగాయి, రోడ్లు పడ్డాయి, ఆరోగ్య పని ఉద్యోగుల చేతికి వెళ్లింది. కోమిటిలకు పాత పలుకుబడి తగ్గింది. చేయించుకున్నంత కాలం చేయించుకుని, తర్వాత పక్కన పెట్టడం అన్ని దేశాల శాఖలకూ ఉన్న అలవాటే.

1990 ఫిబ్రవరిలో ఒఫా, 1991 డిసెంబరులో వాల్ అనే రెండు పెద్ద తుపాన్లు దేశాన్ని ఊడ్చేశాయి. ఆ గాయం మానకముందే 1993లో చామ పంటకు ఆకుమచ్చ తెగులు పట్టింది. చామదుంప వాళ్లకు మన వరి లాంటిది. తిండీ అదే, ఎగుమతి రాబడీ అదే. ఆ ఎగుమతి దాదాపు మొత్తం పడిపోయింది. ఇలాంటి రోజుల్లో 1991లో అదిమైమలాంగా తఫునాయి, ఇంకొందరు ఆడవాళ్లు కలిసి ఒక సంస్థ పెట్టారు. దాన్ని ఇప్పుడు విమెన్ ఇన్ బిజినెస్ డెవలప్‌మెంట్ అంటారు. మొదట పట్నంలో వ్యాపారం చేసుకునే ఆడవాళ్ల కోసం అనుకున్నది, తుపాన్ల తర్వాత ఊళ్ల వైపు తిరిగింది.

వాళ్లు వెతికింది బయటి నుంచి తెచ్చే పని కోసం కాదు, ఆడవాళ్ల చేతికి ముందే వచ్చిన పని కోసం. సమోవాలో మొగలి జాతి ఆకును సన్నగా చీల్చి చాపలు అల్లుతారు. బాగా సన్నగా అల్లిన చాప గుడ్డలా మెత్తగా ఉంటుంది. పెళ్లికి, చావుకు, బిరుదు ఇచ్చే వేడుకకు అదే పెట్టుపోత. అయితే కాలక్రమంలో తొందరపడి అల్లిన ముతక చాపలు పెరిగిపోయి, సన్న చాప అల్లే చేతులు తగ్గిపోయాయి. ఒక మంచి చాపకు నెలలు పడుతుంది. అన్ని నెలలు రాబడి లేకుండా ఏ తల్లి కూర్చోగలదు? సంస్థ ఒక ఉపాయం చేసింది. చాప కావాలనుకునేవాళ్లను ముందే వెతికిపెట్టి, అల్లకం ఎంత సాగిందో వారం వారం చూసి, ఆ మేరకు డబ్బు ఇస్తూ పోయింది. అప్పు కాదు, వడ్డీ లేదు, చాప పూర్తయ్యేదాకా ఎదురుచూడటమూ లేదు. చేతివృత్తుల మీద బతికే మన సభ్యులు ఈ పద్ధతిని ఒకసారి ఆలోచించి చూడాలి. 2019లో యునెస్కో ఈ చాపల కళను ప్రపంచ వారసత్వ సంప్రదాయాల జాబితాలో చేర్చింది.

రెండో పని కొబ్బరి నూనె. ఎండు కొబ్బరి అమ్మితే వచ్చేది తక్కువ. అందుకని పచ్చి కొబ్బరి కోరి, వేడి పెనం మీద ఆరబెట్టి, చేతి యంత్రంతో అప్పటికప్పుడే నూనె పిండే పద్ధతిని ఊళ్లలో పెట్టారు. 2008లో బాడీ షాప్ అనే పెద్ద కంపెనీ ఆ నూనె కొనడం మొదలుపెట్టింది. ఇందులో ఒక చిక్కుంది. సంస్థ పేరులో మహిళలు ఉన్నా, ఈ పని కుటుంబాన్ని యూనిట్‌గా తీసుకుని నడుస్తుంది, ఎందుకంటే అక్కడ భూమి కుటుంబానిది. కొబ్బరి దింపేదొకరు, కోరేదొకరు, పిండేదొకరు. వచ్చిన డబ్బులో ఇంటావిడ మాట ఎంత చెల్లుతుందనేది ఇంటింటికీ మారుతుంది. ఏ ప్రాజెక్టు కాగితమూ దాన్ని తేల్చి చెప్పలేదు.

2000లో బంగ్లాదేశ్ గ్రామీణ బ్యాంకు పద్ధతిలో ఆడవాళ్ల గుంపులకు అప్పులిచ్చే సౌత్ పసిఫిక్ బిజినెస్ డెవలప్‌మెంట్ అనే సంస్థ సమోవాలో మొదలైంది. తర్వాత టోంగాకు, ఫిజీకి, సాలమన్ దీవులకు వెళ్లింది. తోటివాళ్ల హామీ, గుంపు సమావేశం, వాయిదా కట్టడం ఇవన్నీ మనకు తెలిసినవే కాబట్టి ఎక్కువ రాయను. ఒక్క మాట మాత్రం. అక్కడ కూడా వాయిదాకు పెద్ద శత్రువు చుట్టాల ఖర్చే. దాన్ని ‘ఫాలవేలవే’ అంటారు. ఎవరింట్లో చావు జరిగినా, పెళ్లి జరిగినా, చాపలు, డబ్బు, తిండి సామాన్లు మోయాలి. తప్పించుకుంటే పరువు పోతుంది.

2012లో ఆస్ట్రేలియా పసిఫిక్‌లోని 14 దేశాల ఆడవాళ్ల కోసం పదేళ్లకు 32 కోట్ల డాలర్ల కార్యక్రమం ప్రకటించింది. నాయకత్వం, ఆదాయం, ఇంట్లో హింస ఆపడం దాని లక్ష్యాలు. ఆ డబ్బులో సమోవాకూ వాటా వచ్చింది. డబ్బు ఎవరు ఇచ్చినా ఊళ్లో పని జరగాలంటే చివరికి ఫోనో ఒప్పుకోవాలి. అక్కడ కూర్చునేది మతాయిలు.

ఈ సంగతి అర్థమయ్యే 2013లో రాజ్యాంగం మార్చి, పార్లమెంటులో కనీసం 10 శాతం ఆడవాళ్లు ఉండాలని, ఎన్నికల్లో గెలిచినవాళ్లు చాలకపోతే ఓడినవాళ్లలో ఎక్కువ ఓట్లు వచ్చిన ఆడవాళ్లను చేర్చాలని రాశారు. 2021 ఎన్నికల్లో ఇదే రచ్చకు కారణమైంది. 51 స్థానాల్లో ఐదుగురు ఆడవాళ్లు గెలిచారు. అది 9.8 శాతం. సరిపోలేదని ఎన్నికల అధికారి, అప్పటికి దశాబ్దాలుగా అధికారంలో ఉన్న పార్టీకి చెందిన ఆరో ఆవిడను చేర్చాడు. దాంతో గెలిచే దశలో ఉన్న ప్రతిపక్షానికి మెజారిటీ పోయింది. ఆ ప్రతిపక్ష నాయకురాలు ఫియమే నయోమి మతఅఫా. ఆడవాళ్ల కోసం రాసుకున్న నియమమే ఒక ఆడమనిషి ప్రధాని కాకుండా అడ్డుపడే పనికి వాడారు! పార్లమెంటు తలుపులకు తాళం వేస్తే, మే 24న ఆవరణలో డేరా వేసి ఆవిడ ప్రమాణం చేశారు. జులైలో కోర్టు ఆ ప్రభుత్వం సరైనదే అని తేల్చింది. దేశానికి మొదటి మహిళా ప్రధానిగా ఆవిడ 2025 దాకా ఉన్నారు.

ఫియమే మొదటి ప్రధానమంత్రి కూతురు. ఆవిడ తల్లి కూడా పార్లమెంటులో కూర్చున్నారు. ఇరవై ఏళ్లు దాటీ దాటకముందే కుటుంబం ఆవిడకు మతాయి బిరుదు ఇచ్చింది, అందుకే ఎన్నికల్లో నిలబడగలిగారు. దేశంలోని మతాయిలలో ఆడవాళ్లు ఇప్పటికీ సుమారు పదింట ఒక వంతు. ఉన్నవాళ్లలో చాలామంది పట్నాల్లోనో విదేశాల్లోనో ఉంటారు, ఊరి ఫోనోకు వెళ్లేవాళ్లు ఇంకా తక్కువ. ఆడవాళ్లకు బిరుదు ఇవ్వమని కట్టుబాటు పెట్టుకున్న ఊళ్లూ కొన్ని ఉన్నాయి.