ఏడుగురు భాయీలు, ఒక దయ్యం

"దో గజ్ జమీన్ కే నీచే". పేరు వింటేనే మా ఉర్దూ మీడియం పిల్లలకి కబర్ కళ్ళముందు కనబడేది. 1972లో ఆ సినిమా తీసింది సింధీ శరణార్థి ఖాందాన్. కరాచీలో రేడియోల దుకాణం నడిపిన ఫతేచంద్ రామ్‌సింఘానీని గోరాలు నోరు తిరగక రామ్సే అన్నారట. తక్సీమ్‌లో వతన్ పోయింది, ఆ పేరు మిగిలింది.

బంబైలో 1970లో తీసిన సినిమా ఫ్లాప్. కానీ పృథ్వీరాజ్ కపూర్ భయంకరమైన మాస్క్‌తో చోరీకొచ్చే సీన్ కోసమే జనం వస్తున్నారని కొడుకులు పసిగట్టారు. ఇక ఏడుగురు భాయీలే యూనిట్: తులసీ, శ్యామ్ డైరెక్షన్, గంగు కెమెరా, కిరణ్ సౌండ్, అర్జున్ ఎడిటింగ్. మహాబలేశ్వర్ గెస్ట్‌హౌసే సెట్టు, వంట ఇంటి ఆడవాళ్ళది. సి గ్రేడ్ అని నవ్వినవాళ్ళు ఈ మెహనత్ చూడలేదు.

'పురానా మందిర్' నేను కిరాయి వీసీఆర్‌లో చూశా. ఆ రాత్రి దొడ్డికెళ్ళడానికి అబ్బాని లేపాను.