మరల మరల వచ్చు కష్టము – సబ్ర్ అను ధర్మము

విశాఖపట్టణమునుండి భోగాపురము మీదుగా ఈశాన్యమునకు సాగు పెద్దబాట శ్రీకాకుళమువద్ద నాగావళిని దాటును. ఒక ప్రక్క సముద్రము, మఱియొక ప్రక్క తూర్పు కనుమలు, నడుమ కొండలనుండి ఒక్కసారిగా దిగివచ్చు నదులు గల సీమ యిది. ఇచ్చట తుపాను, వరద, అనావృష్టి ఎన్నడో వచ్చు అతిథులు కావు; తఱచు రాకపోకలు గల చుట్టములు. ఇట్టి నేలపై బ్రతుకు మనుష్యుడు తన కష్టమునకు ఏమి అర్థము చెప్పుకొని నిలిచెను? ఒకమారు వచ్చిన కష్టమును ఎట్లో మఱచిపోవచ్చును. తేరుకొనులోపల మరల వచ్చిన కష్టమునకేది సమాధానము? ఈ ప్రశ్నకు అన్ని మతములును తమతమ రీతుల బదులు చెప్పినవి. వానిలో ఇస్లాము చెప్పిన సమాధానమును, మన తెలుగునాట జరిగిన కొన్ని సంగతుల వెలుగున, నేడు విచారింతము.

శ్రీకాకుళమున జుమ్మా మసీదు కలదు. గోల్కొండ కుతుబ్‌షాహీల పక్షమున ఈ సీమకు మొదటి ఫౌజుదారుగా వచ్చిన షేర్ మహమ్మదుఖాను 1641లో దానిని కట్టించెను. ఆనాడు శ్రీకాకుళము ఒక సర్కారునకు ముఖ్యపట్టణము. ఫౌజుదారు కొలువుతోను, సన్నని మస్లిను నేయు మగ్గములతోను వర్ధిల్లిన ఊరు. పిదప కాలము మారెను. 1687లో గోల్కొండ మొగలుల వశమయ్యెను. 1753లో ఉత్తర సర్కారులు ఫ్రెంచివారికి దక్కినవి. 1765లో షా ఆలము చక్రవర్తి ఫర్మానాతోను, 1766లో నిజాముతో జరిగిన ఒడంబడికతోను అవి ఆంగ్లేయ కంపెనీ పరమైనవి. పాతకొలువు లేకపోయెను. దానినే నమ్ముకొన్నవారు వేఱు బ్రతుకుదెరువు వెదకుకొనవలసివచ్చెను. పందొమ్మిదవ శతాబ్దమున యంత్రపు బట్ట వచ్చిన పిమ్మట మగ్గమును నమ్ముకొన్నవారికిని అదే గతి పట్టెను.

ప్రకృతి తెచ్చిన కష్టములు వీనికి తోడు. 1791లో కరవు వచ్చి ఊరిని దాదాపు నిర్జనము చేసెను. 1866లో మరల కరవు. 1876లో నాగావళి పొంగి ఊరిమీద పడి, వంతెన కమానులలో ఆఱింటిని ఊడ్చుకొనిపోయెను. మొదటి కరవునకు, రెండవ కరవునకు నడుమ 75 సంవత్సరముల యెడము కలదు. రెండవ కరవునకు, వరదకు నడుమ 10 సంవత్సరములే. 1866లో అన్నమునకై అలమటించిన పసిబిడ్డ, బ్రతికి బట్టకట్టినచో, ఇరువదియేండ్లు నిండకమునుపే నీటిపాలైన ఊరిని చూచియుండును. ఇంత జరిగినను షేర్ మహమ్మదుఖాను కట్టించిన మసీదు నిలిచినది. నేటికిని అందు నమాజు జరుగుచున్నది. ఆ కాలపు కష్టములకు ఓర్చి అచ్చట మోకరిల్లిన సామాన్యులు తమ మనసులోని మాట వ్రాసిపెట్టలేదు. కాని వారు ఏ బోధ విని పెరిగిరో మనము ఎఱుగుదుము.

ఆ బోధకు మూలపదము ‘సబ్ర్’. దీనిని ఓర్పు అని తెలుగు చేయుదురు. అరబ్బీలో ఆ ధాతువునకు బిగబట్టుట, అదుపున నుంచుట అని అర్థము. కావున సబ్ర్ అనగా దెబ్బ తిని పడియుండుట కాదు. దెబ్బ తినియు తన్ను తాను పట్టుకొనుట. భయము, ఆకలి, ధనమునకును ప్రాణమునకును పంటకును నష్టము కలుగుట మానవునికి తప్పని పరీక్షలని ఖురాను రెండవ అధ్యాయము ముందుగానే హెచ్చరించుచున్నది. ఈ పట్టికలో మన కోస్తావాసులు ఎఱుగని దొక్కటియు లేదు. తొంబదినాలుగవ అధ్యాయమున, కష్టముతోబాటు సౌలభ్యమును ఉన్నదను మాట వెంటవెంట రెండుమారులు వచ్చును. ఈ పునరుక్తిని వ్యాఖ్యాతలు ఊరక విడువలేదు. అరబ్బీ వ్యాకరణము ననుసరించి రెండు వాక్యములలోని కష్టము ఒక్కటే యనియు, సౌలభ్యములు మాత్రము రెండనియు వారు విశదపఱచిరి. కష్టము తీరిన ‘తరువాత’ అనక కష్టము‘తో’ అనుటయు గమనింపదగినది. తుపాను పోయిన పిదప కాదు, తుపానులోనే పట్టుకొమ్మ యొకటి కలదని దీని తాత్పర్యము.

అయినచో సబ్ర్ పాటించువాడు ఏడువరాదా? ఖురాను చెప్పు యాకూబు ప్రవక్త కథ దీనికి బదులు చెప్పును. కుమారుడైన యూసుఫు కనబడకపోగా ఆయన సుందరమైన సహనమును అవలంబింతు ననెను. ఆ సహనశీలియే ఏడ్చి ఏడ్చి కన్నులు తెల్లబడి చూపు కోల్పోయెను. ఆ కన్నీటిని ఎవ్వరును సహనమునకు లోపముగా ఎంచలేదు. ఆయన తన మొఱను దైవముతో చెప్పుకొనెను. దైవమునుండి మొగము మాత్రము త్రిప్పుకొనలేదు.

మహమ్మదు ప్రవక్త జీవితమే కష్టపరంపర. తాను పుట్టకమునుపే తండ్రి పోయెను. ఆఱవయేట తల్లి, ఎనిమిదవయేట తాత గతించిరి. సుమారు 619లో భార్య ఖదీజాయు, అండయైయున్న పినతండ్రి అబూతాలిబును ఒకే సంవత్సరమున మరణించిరి. చరిత్రకారులు దానికి ‘దుఃఖవత్సరము’ అని పేరిడిరి. తుదకు 632లో పసికుమారుడు ఇబ్రాహీము పోయినపుడు ఆయన కంట నీరు పెట్టుకొనెను. ఆ దినముననే సూర్యగ్రహణము పట్టెను. ప్రవక్త బిడ్డ చనిపోయినందుననే సూర్యుడు చీకటి క్రమ్మెనని జనులు చెప్పుకొనసాగిరి. ఆ మాట విని ఊరకుండిన ఆయన గౌరవమే పెరిగెడిది. కాని సూర్యచంద్రులు ఎవరి చావు బ్రతుకులకొఱకును గ్రహణము పట్టువారు కారని ఆయన స్పష్టపఱచెను.

ఈ ఘట్టము మిక్కిలి విలువైనది. వరదలో ఇల్లు పోయినవానిని చూచి, ‘ఇది వాని పాపఫలము’ అనువారు ఏ మతమునందైనను ఉందురు. కాని తన బిడ్డ మరణమును ఆకాశపు గుర్తుతో ముడిపెట్టనొల్లని ప్రవక్త మార్గమున నడచువారికి, పొరుగువాని ఆపదను వాని పాపముతో ముడిపెట్టు అధికారము ఎక్కడిది? ఖురానులోని అయ్యూబు ప్రవక్త రోగపీడితుడైనను దైవమునకు ప్రియుడే. ఆపద వచ్చినంత మాత్రమున దైవము తన్ను త్రోసివేసెనని తలపనక్కఱలేదను ధైర్యము దీనులకు ఈ కథలనుండియే కలిగినది.

ఇక రెండవ ఆక్షేపణ. అంతయు దైవనిర్ణయ మన్నచో మానవుడు చేతులు ముడుచుకొని కూర్చుండవలసినదేనా? రెండవ ఖలీఫాయైన ఉమరు కాలమున, 639 ప్రాంతమున, ఒకే సంవత్సరమున రెండు ఆపదలు వచ్చినవి. అరేబియాలో అనావృష్టి కలిగెను. ప్రజలకు దొరకునంతవఱకు నేయి, మాంసము తాను ముట్టనని ఉమరు నియమము పట్టెను. ఇతర రాష్ట్రములనుండి ధాన్యము తెప్పించి పంచెను. సిరియాలో మహామారి వ్యాపించెను. అటు ప్రయాణమైన ఉమరు ఆ వార్త విని దారిలోనే మరలెను. దైవనిర్ణయమునుండి పాఱిపోవుదువా యని సేనాని అబూ ఉబైదా అడిగెను. ఒక దైవనిర్ణయమునుండి మఱియొక దైవనిర్ణయమునకే పోవుచున్నానని ఉమరు బదులు చెప్పెను. లోయకు ఒక గట్టు పచ్చగాను, ఒక గట్టు ఎండియు నున్నపుడు, ఒంటెలను ఏ గట్టున మేపినను అది దైవనిర్ణయమే కదా యని ఆయన వాదము. అబూ ఉబైదా తన సైనికులను విడువక వారితోనే యుండి ఆ వ్యాధికే బలియయ్యెను. ఇస్లాము చరిత్ర ఇరువురను గౌరవించినది. ఒకడు రక్షింపదగినవారిని రక్షించెను. ఒకడు విడువరానివారిని విడువకుండెను.

ఈ కథను 1866 నాటి కరవు ప్రక్కన నిలిపి చూడవలెను. ఆనాటి శ్రీకాకుళము గంజాం జిల్లాలోనిది. పొరుగున ఒరిస్సాలో సుమారు 10 లక్షల మంది ఆ కరవునకు ఆహుతియైరి. బియ్యము సకాలమున దిగుమతి కాలేదు. అధికారులు మేల్కొనునప్పటికి వానకాలము వచ్చి ఓడలకు తీరము చేర వీలులేకపోయెను. ఆకలిగొన్నవాని సహనము ఒక ధర్మము. ఆ సహనమును చూచి పాలకుడు నిదురించుట ధర్మము కాదు. నేయి విడిచిన ఉమరు కథ తెలిసినవారికి ఈ భేదము వేఱుగా చెప్పనక్కఱలేదు.

మరల మరల వచ్చు కష్టమునకు ఇస్లాము మరల మరల చేయు నియమమును ఎదురుగా నిలిపినది. నమాజు దినమునకు ఐదుమారులు. ఇల్లు పడిపోయిన దినముననైనను ప్రొద్దు పొడుచుటకు ముందు లేచి, శుద్ధిచేసికొని, తోడివారితో భుజము కలిపి నిలువవలెను. నీరు దొరకనిచో శుభ్రమైన మట్టితో శుద్ధి చాలును. కష్టముచే చెదరిన దినమునకు ఈ ఐదు వేళలు ఐదు స్తంభములు. రంజాను ఉపవాసము చాంద్రమానము ననుసరించి ఏటేట సుమారు 11 దినములు ముందునకు జరుగును; 33 ఏండ్లలో అన్ని ఋతువులను చుట్టివచ్చును. కావున ఆయువుగల ముస్లిము వేసవి ఆకలిని, చలికాలపు ఆకలిని, వానకాలపు ఆకలిని తానై ఎఱుగును. తానై ఆకలిని ఎఱిగినవాడు కరవున పరుని ఆకలిని గుర్తింపగలడు. మిగులు ధనమున నూటికి రెండున్నర వంతు పేదలకీయు జకాతు ఆ గుర్తింపునకు ఫలము.

శ్రీకాకుళపు సామాన్యులు వ్రాసిపెట్టని మనోవేదనను హైదరాబాదున ఒక కవి వ్రాసిపెట్టెను. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి ఆ నగరమున సుమారు 15 వేల మందిని పొట్టనబెట్టుకొనెను. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమునందలి చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ దినమున అంజద్ హైదరాబాదీ అను యువకవి తల్లిని, భార్యను, కుమార్తెను కన్నులయెదుటనే పోగొట్టుకొనెను. పసితనముననే తండ్రి పోగా తల్లియే ఆయనను పెంచినది. ఇంటివారిలో ఆయన యొక్కడే మిగిలెను. ఆ వరదను గుఱించి ‘ఖయామతె సుగ్రా’, అనగా చిన్న ప్రళయము, అను కావ్యము వ్రాసెను. పిదప ఆయన కలము నాలుగు పాదముల రుబాయీలవైపు మరలెను. దైవముయొక్క ఏకత్వము, సంతుష్టి, అహంకారనాశము ఆయనకు ప్రియమైన విషయములు. ‘హకీముశ్శుఅరా’, అనగా కవులలో జ్ఞాని, అని ఉర్దూ లోకము ఆయనను కొనియాడెను. 1961లో మరణించువఱకు, వరద పిదప 53 ఏండ్లు, ఆయన బ్రతికెను. మూసీ ఎందుకు పొంగెనో ఆ రుబాయీలు చెప్పవు. పొంగిన పిదప మనుష్యుడు ఎట్లు నిలువవచ్చునో చూపును.

ఎందుకు పొంగెనో విచారించుట ఇంజనీరుల పని. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను నగరమునకు రావించిరి. ఆయన సూచనలనుండి మూసీపై ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసీనదిపై హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. కవి రుబాయీయు, ఇంజనీరు ఆనకట్టయు పరస్పరవిరుద్ధములు కావు. ఉమరు చెప్పిన లోయకు పచ్చని గట్టు ఇదియే.

మన తీరమునకు మరల వత్తము. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు 10 వేల మంది మరణించిరి. 2014 అక్టోబరు 12న విశాఖవద్ద తీరము దాటిన హుద్‌హుద్ తుపాను మహోగ్రమైనదే. విశాఖ, విజయనగరము, శ్రీకాకుళము జిల్లాలను అతలాకుతలము చేసెను. కాని వార్త ముందుగా అందెను, జనులను ముందుగా తరలించిరి. మన రాష్ట్రమున మృతుల సంఖ్య పదులలోనే నిలిచెను. ఆ పేరు ఓమను దేశము సూచించినది. హుద్‌హుద్ అనునది ఖురానులో సులైమాను ప్రవక్తకు దూరదేశపు వార్త తెచ్చిన పక్షి. 2018లో తిత్లీ వచ్చినది. ఇంకను వచ్చును. రాబోవు తుపానునకు ఏ పేరు పెట్టినను, వార్త విని పొరుగువానిని లేపుట, పోయినవారికై సిగ్గుపడక ఏడ్చుట, ఇల్లు పోయినవానిపై నింద మోపకుండుట, మరునాడు ఉదయమున మరల లేచి నిలుచుట – ఈ నాలుగును కలిసిననే సబ్ర్ అగును.